ఏడు దగ్గర ఆగిన ముల్లు

అధ్యక్షస్థానంలో ఉన్న మేనేజరు గారికి, ఆయనకు కుడివైపు కూర్చుని నేనేం మాట్లాడతానో రాసుకుందామని అప్పుడే పెన్ను మూత తీసిన పర్సనల్ ఆఫీసరు గారికి, ఎడమవైపు కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింటున్న మా స్టోర్సు బాబాయికి, ముందువరస పెద్దలకు, వెనకవరసలో కూర్చుంటే టీ ముందుగా అందుతుందని కనిపెట్టిన మేధావులకు, మూతల సెక్షను, రంగుల సెక్షను, ప్యాకింగు మిత్రులకు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాట ఒక్కటీ పూర్తిగా విననందుకు ఇవాళ కదలకుండా కూర్చుని శిక్ష అనుభవిస్తున్న మా ఆవిడకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నాకంటే ముందు ఆరుగురు మాట్లాడారు. నేనింత మంచివాణ్ణని ముందే తెలిసుంటే ఇంకో నాలుగేళ్ళు ఆగి రిటైరయ్యేవాణ్ణి. పర్సనల్ ఆఫీసరు గారు నన్ను ‘ఈ సంస్థకు ఊపిరి’ అన్నారు. కిందటి నెల నాలుగు రోజులు సెలవు అడిగితే ‘మీరు లేకపోతే ఇక్కడ ఏం ఆగిపోతుందండీ, హాయిగా వెళ్ళిరండి’ అన్నదీ ఆయనే. రెండుసార్లూ మనస్ఫూర్తిగానే అన్నారు, అదే ఆయన ప్రత్యేకత. ఇక మేనేజరు గారు, ‘పంతొమ్మిదేళ్ళుగా మన ఫ్యాక్టరీలో గాలి ప్రెషరు ఏడు దగ్గర నిలబడి ఉందంటే, ముల్లు అటూ ఇటూ కదల్లేదంటే, ఆ ఘనత పూర్తిగా ఈయనదే’ అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ ఘనత నాదే, ఇంకెవరికీ వాటా లేదు. అది ఎలా నాదయిందో చెప్పడమే నా ప్రసంగం. కాస్త ఓపిక పట్టండి. రిటైరయ్యేవాడి చేతిలోంచి మైకు లాక్కోవచ్చని మన నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేదు, పొద్దున చూసుకునే వచ్చాను. (నవ్వులు)

ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి మా పనేమిటో ముందు చెప్పాలి. మేం రేకు డబ్బాలు చేస్తాం. వాటికి మూతలు బిగించే మిషన్లు గాలితో నడుస్తాయి. షెడ్డులో ఉన్న కంప్రెసరు బయటి గాలిని మింగి, నలిపి, పెద్ద ట్యాంకులో కుక్కుతుంది. అక్కణ్ణించి ఆ గాలి పైపుల్లో మూతల సెక్షనుకు వెళ్తుంది. అది ఎంత బలంగా ఉందో చూపించడానికి ట్యాంకు పక్కన గోడకు గుండ్రటి ఇత్తడి గేజి ఒకటి ఉండేది. ముల్లు ఏడు దగ్గరుంటే మూత బుద్ధిగా కూర్చుంటుంది. ఐదుకు పడితే వదులుగా ఉంటుంది, తొమ్మిదికి ఎక్కితే అంచు నలిగిపోతుంది. పది దగ్గర ఎర్రగీత. అక్కడికి చేరితే ట్యాంకు మీదున్న సేఫ్టీ వాల్వు తనంతట తనే తెరుచుకుని, కూతపెట్టి, ఎక్కువైన గాలిని బయటికి తోసేస్తుంది. ఫ్యాక్టరీలో ఇలాంటి గేజీలు నలభై దాకా ఉన్నాయి. వాటిని తుడవడం, చదవడం, తప్పు చూపిస్తే సరిచెయ్యడం నా ఉద్యోగం. ముప్ఫై నాలుగేళ్ళు అదే చేసి గేజి మాస్టారునయ్యాను.

అన్నేళ్ళు గాలితో కాపురం చేసినవాణ్ణి, దాని స్వభావం గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఎలా ఊరుకుంటాను? వాయువుకు సొంత ఆకారమంటూ ఉండదు. సీసాలో పెడితే సీసా, గదిలో వదిలితే గది. ఎంత చోటిస్తే అంతా తనదే అంటుంది, ఒక మూల కూడా మిగల్చదు. (ఆగి) నేను ఎవరివైపూ చూడటం లేదు పర్సనల్ ఆఫీసరు గారూ, మీరు రాసుకోండి. (నవ్వులు) దాన్ని నలిపామా, తిరగబడుతుంది. చోటు సగం చేస్తే తోపు రెట్టింపవుతుంది. రెండు షిఫ్టుల మనుషుల్ని ఒకే భోజన విరామంలోకి కుక్కినప్పుడు మన క్యాంటీన్‌లో జరిగింది అదే, దానికి వేరే ప్రయోగశాల అక్కర్లేదు. ఇంకో సంగతి, మూసేసిన చోట ఉన్న గాలిని వెచ్చబెడితే, పిసరంత గాలి కొత్తగా కలపకపోయినా ప్రెషరు పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. దీన్ని మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది. అన్నిటికంటే నాకు నచ్చేది, వాయువు అన్ని వైపులకూ ఒకేలా తోస్తుంది. పైకీ అంతే, కిందికీ అంతే, పక్కలకీ అంతే. మన ఆఫీసులో ప్రెషరు మాత్రం పైనుంచి కిందికే వస్తుంది. అది ఏ వాయువో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. (పెద్దగా నవ్వులు, మేనేజరు గారు కూడా నవ్వారు)

ఒక్కసారి అందరూ అరచెయ్యి చాపండి. బాబాయ్, నువ్వు కూడా, కళ్ళు తెరిచి. ఆ అరచేతి మీద ఇప్పుడు వంద కిలోలకు పైగా గాలి కూర్చుని ఉంది. బరువు తెలుస్తోందా? తెలియదు. ఎందుకంటే కిందనుంచీ లోపలినుంచీ అంతే తోపు ఉంది. లోపలా బయటా సమానంగా ఉన్నంతకాలం ఎంత బరువైనా మనిషికి తెలియదు. తేడా వచ్చినప్పుడే బాధ. గేజి చూపించేది కూడా ఆ తేడానే, లోపలి గాలి బయటి గాలికంటే ఎంత ఎక్కువగా తోస్తోందో అంతే. ఈ పాఠం ఈ హాలులో సగంమందికి నేనే చెప్పాను. నామటుకు నాకు మాత్రం మూడు వారాల కిందట గానీ అర్థం కాలేదు.

ఇక పంతొమ్మిదేళ్ళ వెనక్కి వెళ్దాం. అప్పటికి మేనేజరు గారు ఇంకా మేనేజరు కాలేదు, తలనిండా జుట్టున్న అసిస్టెంటు. (నవ్వులు) హెడ్డాఫీసు వాళ్ళు తనిఖీకి వస్తున్నారని ఆయన షెడ్డంతా కడిగించి, గోడలకు సున్నం వేయించి, చివరికి నా గేజి ముందు ఆగారు. కంప్రెసరు ఒక్కో దెబ్బ కొట్టినప్పుడల్లా ముల్లు సన్నగా వణుకుతుంది. అలా వణకాలి కూడా, నాడి కొట్టుకోవడం లాంటిది అది. ఆయనకు అది నచ్చలేదు.

‘ఏంటండీ ఇది, ఇలా వణుకుతోంది?’ అన్నారు.

‘గాలి కదండీ, అలాగే ఉంటుంది’ అన్నాను.

‘గాలైతే మాత్రం? డిసిప్లిన్ ఉండొద్దా? వచ్చినవాళ్ళు చూస్తే మన పరువేం కాను? ఏదో ఒకటి చేసి నిలబెట్టండి. ఎల్లుండే వస్తున్నారు.’

దానికి మంచి మార్గం లేకపోలేదు. గేజికి ముందు సూదిబెజ్జమంత రంధ్రమున్న బిళ్ళ ఒకటి బిగిస్తే వణుకు తగ్గుతుంది, లెక్క తప్పదు. బిళ్ళ కావాలని ఆ పూటే స్టోర్సుకు రాశాను. ‘ఆర్డరు పెట్టేశాను, వచ్చేస్తుంది’ అన్నాడు బాబాయి. బాబాయ్, వచ్చిందా? (‘దారిలో ఉంది!’ అని స్టోర్సు బాబాయి, చాలాసేపు నవ్వులు)

బిళ్ళ రాలేదు, తనిఖీ మాత్రం వచ్చేస్తోంది. గేజి మెడ కింద చిన్న వాల్వు ఒకటి ఉంటుంది, గేజిని విప్పాల్సి వచ్చినప్పుడు గాలి ఆపడానికి. ముల్లు వణుకుతూ వణుకుతూ ఆరు దాటి, ఆరున్నర దాటి, సరిగ్గా ఏడు మీదికి వచ్చినప్పుడు ఆ వాల్వును టక్కున తిప్పేశాను. గేజిలోకి వచ్చిన గాలి గేజిలోనే ఉండిపోయింది. ముల్లు ఏడు దగ్గర బొమ్మలా నిలబడిపోయింది. ఆ రోజు నా చేతివాటానికి నాకే ముచ్చటేసింది. వాళ్ళు చూసి వెళ్ళిపోయాక ఎల్లుండి సాయంత్రం తెరిచేద్దామనుకున్నాను.

(ముందువరసలో కొందరు మేనేజరు గారివైపు తిరిగారు)

ఏంటి, నవ్వడం మానేశారు? అసలు నవ్వొచ్చేది ఇక ముందుంది.

వచ్చినవాళ్ళు ముల్లు చూసి ముగ్ధులైపోయారు. ఇంత నిలకడ ఏ శాఖలోనూ చూడలేదన్నారు. నెల తిరక్కుండా ‘ప్రెషరు నిలకడలో ప్రథమస్థానం’ అని వెండిరంగు షీల్డు వచ్చింది. అదుగో, ఆ బీరువాలో ఉన్నది. అసిస్టెంటు గారు మేనేజరు గారయ్యారు. నన్ను సీనియరును చేశారు. ఇక ఏ మొహం పెట్టుకుని తెరవను? పైగా ఇత్తడి ఎంత బిగించినా ఏడాదికోసారి కాస్త కారి, ముల్లు ఆరున్నరకు దిగేది. అప్పుడు వెళ్ళి, అటూ ఇటూ చూసి, వాల్వు తెరిచి, ముల్లు ఏడు మీదికి రాగానే మళ్ళీ పట్టేవాణ్ణి. అంటే ఒక్కసారి చేసి మర్చిపోయిన తప్పు కాదండీ ఇది. ఏటా రెన్యూవల్ చేయించుకున్న తప్పు.

షెడ్డులో గంటగంటకూ ప్రెషరు చూసి రాయాల్సిన రిజిస్టరుంది. మొదట్లో చూసి రాసేవాళ్ళు. తర్వాత చూడకుండా రాసేవాళ్ళు. ఆ తర్వాత సోమవారం పొద్దున్నే కూర్చుని శనివారం దాకా రాసేసేవాళ్ళు. ఒక ఏడాది మరమ్మతుల కోసం కంప్రెసరును నాలుగు రోజులు పూర్తిగా విప్పేశాం. దాని సామాన్లన్నీ గోనెపట్టా మీద పరిచి ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ రిజిస్టరులో ఏమని ఉంది? ఏడు. గంటగంటకూ ఏడు. నేల మీద ముక్కలుగా పడున్న కంప్రెసరు పంతం పట్టి ఏడు ఇచ్చింది. ప్రతి పేజీ కింద నా సంతకం, దాని కింద పర్సనల్ ఆఫీసరు గారిది, దాని కింద ఆకుపచ్చ సిరాలో మేనేజరు గారిది. (అక్కడక్కడా నవ్వులు)

ఇప్పుడు వేడి సంగతి గుర్తుచేసుకోండి. ఆ గోడకు ఎదురుగా పడమటి కిటికీ ఉంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ తిన్నగా వచ్చి గేజి మీద పడుతుంది. లోపల చిక్కుకున్న గాలి వేడెక్కి ముల్లు ఏడున్నరకు జరుగుతుంది. చూసి రాసే రోజుల్లో ఎవరో ఆ ఏడున్నర రాశారు. దాని మీద మేనేజరు గారు వార్షిక నివేదికలో ఏం రాశారో నాకు నోటికి వచ్చు: ‘మధ్యాహ్నం షిఫ్టులో పెరుగుతున్న ప్రెషరు కార్మికుల ఉత్సాహానికి నిదర్శనం.’ చలికాలం రాగానే ఆ ఉత్సాహం తగ్గిందని మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళకు సర్క్యులరు పంపారు. నిజానికి సూర్యుడికి పంపాల్సింది. (పెద్దగా నవ్వులు, చప్పట్లు. మేనేజరు గారు చేతి గడియారం చూసుకున్నారు)

అయిపోవస్తోందండీ, రెండు మాటలే ఉన్నాయి. కాకపోతే ఆ రెండూ నవ్వేవి కావు.

ప్యాకింగు వాళ్ళ వరసలో చివర కూర్చున్నాయన్ని మీరంతా ఇప్పటికీ మూతల మేస్త్రీ అనే పిలుస్తారు. పదకొండేళ్ళుగా ఆయన మూత ముట్టుకోలేదు. డబ్బాలు వంకర మూతలతో తిరిగొస్తుంటే విచారణ వేశారు. గాలి నిలకడగా ఏడు ఉంది, రిజిస్టరుంది, సంతకాలున్నాయి. గాలి తప్పు కానప్పుడు చేతులదే తప్పు కదా? రెండుసార్లు మందలించి, మూడోసారి మేస్త్రిగిరీ తీసేసి ప్యాకింగులో వేశారు. అప్పట్నుంచీ ఆయన తినేటప్పుడు కూడా తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకుంటాడు. నేను చూశాను, ఎందుకంటే రోజూ ఎదురుగా కూర్చుని తినేది నేనే. మేస్త్రీ, నీ చేతులకేం కాలేదయ్యా. ముల్లు ఏడు అంటోందని కంప్రెసరును ఎవరూ సర్దక, లైనులో గాలి ఐదుకూ తొమ్మిదికీ మధ్య ఊగుతుంటే మూత ఎవరు బిగించినా వంకరే. నాకు ఇవాళ తెలిసింది కాదిది, అప్పుడే తెలుసు. తెలిసి నీ డబ్బాలో కూర తిని, నా డబ్బాలో కూర నీకు పెట్టి, నోరు మెదపకుండా లేచి వెళ్ళిపోయేవాణ్ణి. సిగ్గుగా ఉంది మేస్త్రీ.

(ఎవరో నీళ్ళ గ్లాసు అందించారు)

రెండో మాట కొత్తమ్మాయి గురించి. వచ్చి రెండేళ్ళయినా మనకు ఇంకా కొత్తమ్మాయే. నా తర్వాత నా కుర్చీలో కూర్చోవాల్సింది తనే. మొదటి రోజు తనకు ఒకే పాఠం చెప్పాను. ‘అమ్మాయ్, గేజి చదివేముందు గోటితో గాజు మీద తట్టు. లోపల ముల్లు ఎక్కడైనా పట్టేసుకుంటే వదులుతుంది. తట్టు, చూడు, ఆ తర్వాత రాయి. ముందు రాసి తర్వాత చూడకు’ అన్నాను. ఎంత గొప్పగా చెప్పానంటే, నేనే నమ్మేశాను.

మూడు వారాల కిందట మధ్యాహ్నం పూట సేఫ్టీ వాల్వు కూత పెట్టింది. మామూలుగా అది కూస్తే మనవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటారు. ఆ కూత ఆపే ఉపాయం చూడమని నాకు రెండుసార్లు చెప్పారు కూడా. ముప్ఫై నాలుగేళ్ళలో నేను చెయ్యనన్నది ఆ ఒక్కటే, అందుకే ఇవాళ మనమంతా ఈ హాలులో ఉన్నాం. ఆ అమ్మాయి మాత్రం దూది కోసం వెతుక్కోలేదు. పదికి చేరితే గానీ సేఫ్టీ వాల్వు కుయ్యదు, గేజి చూస్తే ఏడు అంటోంది, రెంటిలో ఒకటి అబద్ధమాడుతోందనుకుంది. తట్టింది. పైపు మీద చెయ్యి వేసి చూస్తే పైపు అదురుతోంది, ముల్లులో మాత్రం చలనం లేదు. గేజి మెడ దాకా తడుముకుంటూ వెళ్ళి వాల్వు తెరిచింది. ముల్లు పదికి ఎగిరింది. వెంటనే కంప్రెసరు ఆపేసింది. ఆ పూట పని ఆగింది, ట్యాంకు మాత్రం పేలలేదు.

మేనేజరు గారు పరుగున వచ్చారు. ‘పంతొమ్మిదేళ్ళుగా ఏడు దగ్గర కదలకుండా ఉన్న ముల్లు నువ్వు చెయ్యి పెట్టగానే పదికి వెళ్ళింది. దీనికి బాధ్యులెవరు?’ అన్నారు. మర్నాడు తనకు మెమో వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాను: ‘అనుమతి లేకుండా వాల్వు తెరచి, ప్రెషరును ఏడు నుంచి పదికి పెంచినందుకు ఉద్యోగంనుంచి ఎందుకు తొలగించకూడదో తెలపాలి.’ జ్వరం ఉందని చెప్పిన డాక్టరు మీద జ్వరం తెప్పించాడని కేసు పెట్టినట్టుంది. (కొందరి నవ్వు, ఎక్కువమంది నవ్వలేదు)

ఆ సాయంత్రమే ‘గేజిని ఎప్పట్లా పెట్టండి’ అని నాకు ఆర్డరు వచ్చింది. పెట్టాను. ముల్లు ఏడు మీదికి రాగానే పట్టాను, చెయ్యి ఇంకా పట్టు తప్పలేదు. పక్కనే నిలబడి ఆ అమ్మాయి అంతా చూసింది. నేను తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. తను తిట్టలేదు. ‘తట్టి చూడమన్నారు కదా మాస్టారూ, అందుకే తట్టాను’ అంది. అంతే అంది.

విచారణ సంఘంలో ముగ్గురం ఉన్నాం. పర్సనల్ ఆఫీసరు గారు, స్టోర్సు బాబాయి, సాంకేతిక నిపుణుడి హోదాలో నేను. తప్పంతా అమ్మాయిదేనని నివేదిక తయారైంది. వాళ్ళిద్దరూ సంతకాలు పెట్టారు. బాబాయి చదివి పెట్టలేదు, అది వేరే సంగతి. నా సంతకం ఒక్కటే మిగిలింది. అది పడితే రేపట్నుంచి ఆ అమ్మాయి రానక్కర్లేదు. నేను పెడితే ఎల్లుండినుంచి రెండేళ్ళపాటు నన్ను సలహాదారుగా పెట్టుకుంటామని మేనేజరు గారు ఎంతో ఆదరంగా చెప్పారు. ఆ కాగితం ఇదుగో, నా జేబులో ఉంది. మూడు వారాలుగా ఉంది. చొక్కా మార్చినప్పుడల్లా దీన్ని తీసి కొత్త జేబులో పెట్టడమే నేను చేసిన సాంకేతిక కృషి.

మా ఆవిడ కుక్కరుకు గేజి లేదు. ఎన్ని కూతలొచ్చాయో వింటుంది, మూత మీది బరువు ఎలా ఆడుతోందో చూస్తుంది, దించుతుంది. ఇన్నేళ్ళలో అన్నం ఒక్కసారి మాడలేదు. ఇవాళ పొద్దున జేబులోంచి కాగితం తీస్తుంటే నా చెయ్యి చూసి, ‘అదేంటండీ, మూడు వారాలుగా దాన్ని మోస్తున్నారు?’ అని అడిగింది. చెప్పేశాను, మొదటినుంచీ. తను స్టవ్వు ఆర్పి, కూర్చుని, అంతా విని, ‘ఇవాళ వాళ్ళకు చెప్తారా, లేకపోతే రేపట్నుంచి ఇంట్లో కూర్చుని రోజూ నాకు చెప్తారా? రెండోదైతే నా వల్ల కాదు’ అంది. (నవ్వులు) అదుగో, ఇప్పుడూ తలాడిస్తోంది.

ఇంతకీ నాకిచ్చిన ఈ బహుమతి మీరు దగ్గరగా చూశారో లేదో. షెడ్డులోకి కొత్తగా తెర మీద అంకెలు చూపించే యంత్రం వచ్చింది కదా, అందుకని పాత గేజిని విప్పి, నున్నటి చెక్కమీద బిగించి, కింద ‘నిలకడకు గుర్తుగా’ అని ఇత్తడి రేకు మీద చెక్కించి ఇచ్చారు. విప్పింది బాబాయి. చిన్న వాల్వు కూడా నిగనిగలాడుతోందని దాంతో సహా విప్పుకొచ్చాడు. బాబాయ్, నీ జీవితంలో సమయానికి అందించిన సరుకు ఇదొక్కటే, చాలా కృతజ్ఞుణ్ణి. (నవ్వులు)

ఇప్పుడు ఈ గేజి నా చేతిలో ఉంది. దీని వెనక పైపు లేదు. ట్యాంకు లేదు. కంప్రెసరు రెండు గోడల అవతల ఉంది, ఇవాళ ఈ సభ కోసం దాన్ని ఆపేశారు కూడా. ముందువరస పెద్దలు ఒకసారి వంగి చూడండి, ముల్లు ఎక్కడుంది?

(ముందువరసలోంచి ఎవరో: ‘ఏడు!’)

ఏడు. పంతొమ్మిదేళ్ళుగా మీరు చూసిన ఏడు ఇదే.

(మేనేజరు గారు వెనక్కి తిరిగి ‘మైకు ఆపండి’ అన్నారు. మైకు ఆగిపోయింది. వక్త గొంతు పెంచి కొనసాగించారు)

పర్వాలేదండీ, కంప్రెసరు పక్కన అరిచి అరిచి పెరిగిన గొంతు ఇది. పైగా ఇప్పుడు వినాల్సింది నన్ను కాదు. ఒక్క క్షణం అందరూ నిశ్శబ్దంగా ఉండండి.

(వక్త వాల్వు తిప్పారు. ‘స్స్’మని సన్నటి శబ్దం, రెండు చిటికెలంత సేపు. తర్వాత ఏమీ లేదు)

అంతే. ఇంత గాలి. పిల్లలు ఊదే బుడగలో ఇంతకంటే ఎక్కువ ఉంటుంది. దీన్ని చూపించి షీల్డు తెచ్చుకున్నాం, దీన్ని చూపించి ఒక మనిషి చేతులు పనికిరావన్నాం, దీన్ని చూపించి ఇంకో మనిషి ఉద్యోగం తీసెయ్యబోతున్నాం.

అమ్మాయ్, ఒకసారి ఇలా రా తల్లీ. ఎవరూ ఏమీ అనరు, ఇంకా అయిదింటిదాకా నేను నీ పై అధికారినే. తట్టి చదువు, అందరికీ వినబడేలా.

(ఆమె వేదిక దగ్గరికి వచ్చి, గోటితో గాజు మీద తట్టి, కాసేపు చూసి: ‘సున్నా, మాస్టారూ.’)

రాసుకో. సున్నా. ఇప్పుడు ఇందులో గాలి లేదనుకునేరు, ఉంది. మనం పీల్చేదే. లోపల ఎంతుందో బయటా అంతే ఉంది, తేడా లేదు, అందుకని సున్నా. మూడు వారాల తర్వాత నాకు ఛాతీ మీద బరువు తెలియడం లేదు.

ఇక ఈ కాగితం. దీని మీద సంతకం పెట్టాను, టీ ఇచ్చే ముందే పెట్టాను. సంతకం పైన నాలుగు వాక్యాలు కూడా రాశాను, వినండి: ‘పంతొమ్మిదేళ్ళ కిందట వాల్వు మూసింది నేను, ఏటా మూసింది నేను, మూడు వారాల కిందట మళ్ళీ మూసింది నేను. తెరిచింది ఈమె. వంకర మూతల తప్పు మేస్త్రిది కాదు, నాది. ఎవరిమీద చర్య తీసుకోవాలో సంఘం మళ్ళీ ఆలోచించాలి.’ పర్సనల్ ఆఫీసరు గారూ, తీసుకోండి. ఇందాకట్నుంచి మీరు రాసుకుంటున్నారు కాబట్టి రెండో ప్రతి అక్కర్లేదు. మీ చేతికి రాకముందే మూడువందల మంది విన్నారు, కాగితం దారిలో పోయినా ఇబ్బంది లేదు. సలహాదారు పదవికి నేను తగను మేనేజరు గారూ. ఉచితంగా ఒక్క సలహా మాత్రం ఇచ్చి వెళ్తాను. రేపు ఆ కొత్త తెర మీద అంకె కదలకుండా నిలబడితే సంతోషించకండి. ఈ అమ్మాయిని పిలవండి.

ఈ బహుమతిని ఇంటికి తీసుకెళ్ళడం లేదు. మేస్త్రీ, ఇది నీ దగ్గరుండాలి. నీ చేతుల మీద ఎవరికైనా అనుమానం వస్తే, ముందు నీకే వస్తే, దీన్ని చూసుకో.

నన్ను భరించిన వాళ్ళకు, పొగిడినవాళ్ళకు, ఇప్పుడు ఆ పొగడ్త వెనక్కి తీసుకోవాలనుకుంటున్న వాళ్ళకు, మైకు ఆపేసినాక కూడా కదలకుండా విన్న వెనకవరస వాళ్ళకు, పొద్దున స్టవ్వు ఆర్పి నా మాట మొదటిసారి చివరిదాకా విన్న మా ఆవిడకు కృతజ్ఞతలు. అమ్మాయ్, నా కుర్చీ ఒక కాలు కాస్త ఊగుతుంది, ఊగనివ్వు. దాన్ని నిలబెట్టాలని చూడకు.

సెలవు.